ఒకే మలుపులో రోడ్డు దిగిన నాలుగు గీతలు

కామారెడ్డి

చిరంజీవి ఆకాశ్‌కు,

ఆ మలుపు సంగతి చెబితే జీపీఎస్ తప్పని ఫోన్‌లో అన్నావు. కాదు నాయనా. బళ్లో భూగోళం చెప్పినదాన్ని, పటం చూడటం నాకు వచ్చు. యంత్రం తప్పులు తలా ఒక దిక్కు పోతాయి, అన్నీ ఒకే చోటికి పోవు.

నిన్న నీ చెల్లి నిహారిక నీ హిమాచల్ యాత్ర ఫైలు కంప్యూటర్‌లో తెరిచింది. ఇదివరకు బండ్ల మీద ఆ కొండలెక్కిన ముగ్గురి దారులూ అందులో ఉన్నాయి. ముగ్గురూ ఒకే మలుపులో రోడ్డు దిగి లోయ అంచుదాకా పోయారు. ఇద్దరు వెనక్కి వచ్చారు. మూడోవాడి గీత అక్కడే ఆగిపోయింది. నువ్వు ఇంట్లో కూర్చొని గీసిన దారి కూడా అక్కడే దిగింది. "అవ్వా, అన్న ఇంకా పోనేలే కదా?" అంది పిల్ల. కంప్యూటర్ ఆపేయమన్నాను.

మడికి నీళ్లు పారుతున్నాయా? ఆవకాయ జాడీ మీద మూత పెట్టు, హెల్మెట్ కాదు.

మానమంటే మానవు, మీ తాత పోలిక. క్షేమంగా పోయి రా. పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గానీ పలకొద్దని, మూడోసారి పిలిచేది మనిషేనని చిన్నప్పుడే చెప్పాను. నువ్వేమో పనికి పిలిస్తే పలకవు, పరాయి పిలుపుకు మొదటిసారే పలుకుతావు. అందుకని రేపే ఎల్లారెడ్డి బస్టాండ్ దగ్గర బండి హారన్ బాగు చేయించు. ఆ మలుపు దాటేదాకా మోగిస్తూనే పో. ఎవరు పిలిచినా నీకు వినపడకూడదు.

మీ అవ్వ