తలుపెవరు తీస్తారు?

2003 జూలై, గురువారం

ఇవాళ ఫ్యామిలీ కోర్టులో జడ్జి మేడం నన్నూ, మా ఆయన్నీ బయట కూర్చోబెట్టి, సింధునొక్కదాన్నే లోపలికి పిలిచారు. "అమ్మ దగ్గరే ఉంటానని చెప్పు" అని వారం నుంచీ దానికి నేర్పిస్తున్నాను. లోపల ఏమడుగుతున్నారోనని నాకొకటే ఆత్రం.

పటమట బస్సెక్కగానే అడిగాను.

"ఎవరి దగ్గరుంటావని అడగలేదమ్మా. స్కూలు నుంచి వస్తే తలుపెవరు తీస్తారన్నారు."

"ఏం చెప్పావే?"

"నేనే తీసుకుంటానన్నా. తాళంచెవి మీటరు పెట్టె మీద ఉంటుందని కూడా చెప్పా. నాన్న వాళ్లింట్లో అయితే నానమ్మ తీస్తుందన్నా."

ఆవిడకి ఆ ప్రశ్న ఎలా తట్టిందో! నేను షాపు నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. నాలుగింటి నుంచి అప్పటిదాకా ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కతే ఇంట్లో ఏం చేస్తుందో నేను ఒక్కరోజైనా అడగలేదు.