మిద్దెకు మనిషి అక్కరలేదు

సున్నిపెంట,
మంగళవారం.

పెద్దన్నకు ఓబుళమ్మ నమస్కరించి రాస్తున్నది.

మేమిద్దరం ఇక్కడ బాగున్నాం. అమ్మ నడుము నొప్పి ఎలా ఉంది? వదిన, పిల్లలు బాగున్నారని తెలిస్తే నా మనసు కుదుటపడుతుంది. నీ మోకాలికి నూనె రాయడం మానొద్దు. నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. అలిగి ఆలస్యం చేయలేదు. నంద్యాలకు పోయి నా మట్టిమిద్దెను కళ్ళతో చూసి వచ్చాకే రాద్దామని ఆగాను.

ముందు ఇక్కడి సంగతులు. లేకపోతే అమ్మ ఉత్తరం చదివించుకుని, "ఇంటి గొడవే గానీ అదెట్లుందో రాయలేదే" అంటుంది. ఎండలకు క్వార్టరు గోడలు సాయంత్రానికి పొయ్యిలా కాలుతున్నాయి. వడియాలు ఆరబెడితే అడవిలో నుంచి వచ్చే కోతులకు భయపడి కర్ర పట్టుకుని కూర్చోవాలి. మీ బావకు డ్యామ్ పవర్‌హౌస్‌లో షిఫ్టులు. ఆయన పగలు నిద్రపోతే నేను గిన్నె చప్పుడు కాకుండా తిరుగుతాను. ఆ పూటలు మాత్రం గడవవు. పక్కింటి గుంటూరు ఆవిడ మంచిదే. కానీ నేను "యాడికి పోతాండావు" అంటే నవ్వి, ఇంకోసారి అనమంటుంది. ఇప్పుడామెకు జొన్నరొట్టె తట్టడం నేర్పుతున్నాను. ఆమె తట్టేటప్పుడు నవ్వే వంతు నాది. ఇక్కడి జొన్నలు రొట్టెకు పనికిరావు. ఎవరైనా ఇటు వస్తుంటే మన జొన్నలు కొంచెం పంపించు. నా గురించి దిగులు పడొద్దని అమ్మకు చెప్పు. నిజంగానే బాగున్నాను.

ఇక ఇంటి సంగతి. దాన్ని చూసుకోవడానికి నేను మనిషిని పెట్టను. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా చదువుతావు.

మేము ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నా మిద్దె కోసం నువ్వు ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బస్సెక్కి తిరుగుతున్నావు. ఆ కష్టం నాకు తెలుసు. అందుకే మద్దిలేటికి ఇల్లు అప్పజెప్పమని నువ్వు రాసినప్పుడు వెంటనే కాదనలేదు. బాడుగ వసూలు చేస్తాడు, మరమ్మతులు చూస్తాడు, ఏడాదికి ఒక నెల బాడుగ తీసుకుంటాడు అన్నావు. సరే, వానలు రాకముందే మిద్దె కప్పు మీద చౌడుమట్టి పరిపించమను, ఆ పని చూసి చెబుతానన్నాను. పరిపించాడని రాశావు. నువ్వు వీధిలో నిలబడి చూసి రాశావన్నా. ఆ మోకాలితో నిచ్చెన ఎక్కమని నేనూ అనను. కానీ మిద్దెపైన ఏముందో వీధిలో నుంచి తెలియదు.

నేను పోయేసరికి మద్దిలేటి అరుగు మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. మూడేళ్ళుగా మన ఇంట్లో బాడుగకున్న ఎస్తేరు టీచరూ, వాళ్ళమ్మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను నిచ్చెన వేయించుకుని ఎక్కాను. మద్దిలేటి నా వెనకే ఎక్కాడు. మట్టి చదునుగా పరిచి ఉంది. చూడటానికి బాగానే ఉంది. నేను చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను.

"ఏందమ్మా, మన్ను తింటాండావు? ఈ వయసులో ఏమన్నా ఇశేషమా?" అన్నాడు. కింద వీధిలో ఎవరో నవ్వారు.

"ఇశేషమేనప్పా. నువ్వు గూడా రవ్వంత నోట్లో ఏసుకో, తెలుస్తాది."

"నేనేల తింటా?"

"ఉప్పగుందో సప్పగుందో చెప్తావని."

"మట్టి మట్టే గదమ్మా!"

అన్నా, నాయన మనిద్దరికీ ఒకే రోజు నేర్పించాడు. చౌడైతే నాలుకకు ఉప్పగా తగలాలి. ఆ ఉప్పుమట్టే తడిసి బిగుసుకుని నీళ్ళను కిందికి దిగనివ్వదు. మద్దిలేటి పరిపించింది చప్పటి కాలవ గట్టు మట్టి. ఒక్క వానకు కరిగి ఇంట్లోకి కారేది.

ఆ మాటే అంటే అతనికి కోపమొచ్చింది. "అడవిలో కూచోని ఇల్లు జూస్తావా? ఆ టీచరమ్మను ఖాళీ చేయించు. పత్తి యాపారికి గోదాముకు ఇప్పిస్తా. మీ అన్న గూడా సరేనన్యాడు."

నువ్వు సరేనన్నావా అన్నా? నేను మిద్దె అంచు నుంచి కిందికి చూశాను. టీచరు తలదించుకుంది. వాళ్ళమ్మే కింద నుంచి అంది: "అక్కా, వాన పడితే తడిసేది మేము. మాకు జెప్పింటే మేమే ఏసుకుంటాంటిమి గదా."

ఆ మాటతో నాకు దారి దొరికింది. కింద పడుకునే వాళ్ళకు మిద్దె మీద ఉన్నంత పట్టింపు, నెల బాడుగకు ఒప్పుకున్న మనిషికి ఎందుకుంటుంది?

మద్దిలేటి నిచ్చెన దిగుతూ, "మీ అన్నతోనే మాట్లాడుకుంటాలే" అన్నాడు.

"మాట్లాడుకో. మిద్దె మా అన్నది గాదు."

కోపం తెచ్చుకోవద్దు, ఇంకో పని కూడా నీకు చెప్పకుండానే చేశాను. దొర్నిపాడు దారిలో నాయన నాకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన చేనుంది కదా. గడ్డి కూడా మొలవని చౌడు నేల ఆడబిడ్డకు ఇచ్చారని అందరూ నవ్వారు. అక్కడి నుంచి ట్రాక్టరు మట్టి తెప్పించాను. టీచరు బడికి సెలవు పెట్టింది. ముగ్గురం ఆడవాళ్ళం పాత మట్టి దించి, చౌడు పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టాం. టీచరు అరచేతులు బొబ్బలెక్కాయి. నావీ అంతే. అందుకే అక్షరాలు ఇలా వంకర పోతున్నాయి.

టీచరు ఆ ఇంట్లోనే ఉంటుంది. చిన్న మరమ్మతులు ఆమే చేయించి, బాడుగలో పట్టుకుని నాకు రాస్తుంది. ఏటా వానలకు ముందు నేను వచ్చి మిద్దె ఎక్కుతాను. పత్తి వ్యాపారికి ఇల్లు లేదని నువ్వే చెప్పాలి, సరేనన్నది నువ్వే కాబట్టి. మద్దిలేటికి నువ్విచ్చిన రెండో తాళంచెవి తీసుకుని టీచరుకు ఇవ్వు. ఇకమీదట నా మిద్దె కోసం నువ్వు బస్సెక్కే పని లేదు. నా మీద కోపంతో నువ్వు మాట్లాడకపోతే బాధపడతాను. కానీ మాట మార్చను.

ఒక్కసారి మాత్రం నా కోసం పో. గట్టి వాన పడిన రోజు చూసుకుని నంద్యాలకు పోయి, టీచరు వాళ్ళింట్లో కాఫీ తాగి, నడింట్లో మంచం వేయించుకుని పడుకో. ఒక్క చుక్క నీ మీద పడినా, ఆ రోజే మద్దిలేటిని పిలిచి ఇల్లు అప్పజెప్పు. నేను నోరెత్తను.

అమ్మకూ నీకూ వదినకూ నా నమస్కారాలు. చిన్నపిల్లలకు ముద్దులు. తిట్టాలనుకుంటే తిట్టు గానీ, దీవించడం మాత్రం మరవొద్దు.

నీ చెల్లెలు,
ఓబుళమ్మ