బాబాయి చెరువులో మేత

మంగళవారం, కొల్లేటికోట

మొన్న గూడబాతునై ఎగురుతున్నప్పుడే బాబాయి చేపల చెరువు కంపు కొట్టింది. సంగతేంటో చూద్దామని ఇవాళ పొద్దున చేపగా మారి అందులో దిగాను. నెత్తిన కుళ్ళిన చికెన్ వేస్టు గుమ్మరించారు. పేగులూ, ఈకలూ. ఛీ!

మళ్ళీ మనిషినై ఒడ్డెక్కి బాబాయిని నిలదీశాను.

“మనం తినేవి ఇంటెనకాల గుంటలో వేరేగా పెంచుతున్నాం కదరా. ఇవన్నీ లారీ ఎక్కిపోయేవే,” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వుకి ఒళ్ళు మండింది.

రాత్రి పిన్ని ఆ గుంటలో చేపలతోనే పులుసు పెట్టింది. మారు వడ్డించబోతే వద్దన్నాను. బాబాయి మీద కోపమనుకుంది.

అది కాదు. చేపగా ఉన్నంతసేపూ నాకు ఆ పేగులు కమ్మగా ఉన్నాయి. పక్క చేపల్ని తోసేసి మరీ తిన్నాను. ఎన్నిసార్లు పుక్కిలించినా ఆ రుచి పోవడం లేదు.

పిన్ని పులుసు చప్పగా అనిపించింది.