తిరిగొస్తుంది బాయీ

ఫిబ్రవరి 1

గయక్కకు, మైకుసెట్టు దగడూ దండాలు.

ఇందుమూలముగా చెరకు కోతకు తరలివెళ్లిన యావన్మంది గ్రామస్థులకు తెలియజేయడమేమనగా, మన మేక మొన్న మంగళవారంనాడు నా ఎడమ చెప్పును భక్షించినది. కుడి చెప్పు క్షేమము. సర్పంచిగారి గుమ్మడికాయ పదిహేను కిలోలు తూగినదని సర్పంచిగారే ప్రకటించిరి. త్రాసు కూడా వారిదే.

ఇక అసలు సంగతి. చదివి కొడవలి విసిరేయకు, ఎవరి కాలైనా తెగుతుంది.

మన పంతులమ్మ కుముదినీ బాయి నిన్న రిటైరైంది. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే బడి, ఒకే నల్లబల్ల. సన్మానం ఎప్పుడు పెట్టారో చూడు, ఊళ్లో సగం ఇళ్లకు తాళాలున్నప్పుడు! ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దిన మీరంతా నూరు కోసుల అవతల చెరకు నరుకుతున్నప్పుడు! "మే నెలలో పెట్టండి, జనం తిరిగొస్తారు కదా" అన్నాను సర్పంచితో. "మేలో ఆబాసాహెబ్‌కి తీరదురా, అన్నీ పెళ్లిళ్లే" అన్నాడు. సన్మానం బాయికా, ఆబాసాహెబ్‌కా? ఆయన చక్కెర ఫ్యాక్టరీ డైరెక్టరు. మన బడి గుమ్మం ఎటువైపుందో కూడా తెలియని మనిషి. బ్యానరు మీద ఆయన మొహం బండి చక్రమంత. బాయి ఫొటో ఆయన చెవి పక్కన, తపాలా బిళ్లంత.

పన్నెండు శాలువాలు తెచ్చారు. ఆబాసాహెబ్‌కి ఒకటి, ఆయన బావమరిదికి ఒకటి, వెంట వచ్చినవాళ్లందరికీ తలా ఒకటి, చివరికి కారు డ్రైవరుకి కూడా కప్పారు. బాయి వంతు వచ్చేసరికి సంచీ ఖాళీ. ఏం చేశారనుకున్నావు? డ్రైవరు భుజం మీదున్నది లాగి ఆవిడకు కప్పారు. అక్కా, నా ఒళ్లు మండిపోయింది. బాయి మాత్రం డ్రైవరు వైపు తిరిగి, "నీకు చలేస్తుందేమో నాయనా" అంది.

ఆబాసాహెబ్ తన తండ్రి గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఇక నా వల్ల కాలేదు. మైకుసెట్టు బిరడా తిప్పి ఆయన గొంతు కట్టేశాను. మైకు లాక్కుని హాజరు పిలిచాను, బాయి పిలిచే పద్ధతిలోనే. గుర్తుందిగా? దీపావళి వెళ్లగానే సగం తరగతి అమ్మానాన్నల వెంట కోతకు పోయేది. పైఅధికారులు పేర్లు కొట్టేయమన్నా బాయి కొట్టేయలేదు. రోజూ అందరి పేర్లూ పిలిచేది. లేనివాళ్ల తరఫున పక్కన కూర్చున్నవాళ్లు బదులు చెప్పాలి.

"గయా!" అని పిలిచాను. వెనక నుంచి ముసలి చంద్రభాగ లేచి, "తిరిగొస్తుంది బాయీ!" అంది. అంతే, ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్కరు లేచారు. సభ మొత్తం నిలబడింది.

నీ తమ్ముడు,
దగడూ


ఫిబ్రవరి 9, చెరకు కోత గుడిసెల నుంచి

దగడూకి అక్క దీవెనలు.

నీ ఉత్తరం మధ్యాహ్నం రొట్టెల వేళ బండి నొగ మీద కూర్చుని అందరికీ చదివి వినిపించాను. శాలువా దగ్గరికి వచ్చేసరికి మీ బావ లేచి అటూ ఇటూ తిరిగాడు. "సర్పంచి ఓటు కోసం మళ్లీ గుమ్మంలోకి రానీ, మేక చేత ఆయన చెప్పులు రెండూ తినిపించి పంపుతా" అంటున్నాడు.

చదవడం అయ్యాక నేనే హాజరు పిలిచాను. కూలీల మేస్త్రీ ముకాదం "బండి నిండాలి, లేవండి" అని అరుస్తూనే ఉన్నాడు. ఒక్కరూ కదల్లేదు. ఈ గుంపులో బాయి బడిపిల్లలం నలభై ముగ్గురం. పక్క ఫ్యాక్టరీకి పోయినవాళ్లకి మేం లేచి నిలబడి బదులు చెప్పాం. తర్వాత అందరం ఒక కాగితం మీద పేర్లు రాశాం. ముకాదం వేలిముద్రల కోసం ఇంకుపెట్టె తెచ్చి ముందు పెట్టాడు. "అది మీ లెక్కలకి ఉంచుకోండి, మేం కుముదినీ బాయి దగ్గర చదువుకున్నాం" అన్నాను.

ఆ కాగితం ఇందులో పెట్టాను. నువ్వే వెళ్లి బాయి చేతికివ్వు. బుద్ధెరిగాక నువ్వు చేసిన మంచి పని ఇదొక్కటే. నాకు గర్వంగా ఉంది.

గయ


ఫిబ్రవరి 15

అక్కా,

కాగితం ఇచ్చాను. ఇవ్వడానికి రెండు రోజులు పట్టింది. మూడుసార్లు ఆవిడ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

బాయి వరండాలో సజ్జలు చెరుగుతోంది. చేట పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదివింది. "గయ అక్షరాలు ఇంకా కుడివైపుకే వాలుతున్నాయి" అంది. చివరి పేరు అయ్యాక నా వైపు చూసి, పిలిచింది. "దగడూ!"

ఉన్నాను బాయీ అనాలి. ఎలా అనను?

సర్పంచిని తిట్టాను, ఆబాసాహెబ్‌ని తిట్టాను, మేకని కూడా వదల్లేదు. తిట్టాల్సిన వాణ్ణి మాత్రం దాచుకున్నాను. ఆ రోజు నేను ఆబాసాహెబ్ గొంతు కట్టేయలేదు. నలభై నిమిషాలూ ఆయన మాట ఖంగుమని వినిపించేలా చూసుకున్నాను. చివర్లో బాయి లేచింది. ఉపన్యాసం చెప్పలేదు, హాజరు పిలవడం మొదలుపెట్టింది. మూడో పేరు నీది. సర్పంచి గడియారం చూసుకుని, నా వైపు వేలు గుండ్రంగా తిప్పాడు. ఊళ్లో ఏ సభకి ఎవరి మైకు పెట్టాలో చెప్పేది ఆయనే మరి. నేను బిరడా తిప్పేశాను. బాయి పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఏమీ వినిపించలేదు. జనం లేచి టీ దగ్గరికి పోయారు. "మైకు చెడిపోయింది బాయీ" అన్నాను.

ఆ మాటే ఇప్పుడు సరిదిద్దబోయాను. "బాయీ, ఆ రోజు మైకు..."

"బాగానే ఉందిరా, నాకు తెలుసు. నాలుగేళ్లు కూర్చోబెట్టి చదువు చెప్పినదాన్ని, నీ మొహం చదవలేనా?" అని మళ్లీ పిలిచింది, "దగడూ!"

పక్కన ఎవరూ లేరు కదా, తనే బదులు చెప్పింది. "తిరిగొస్తాడు." మళ్లీ చేట అందుకుంది.

మే నెలలో మీరు రాగానే బడి ముందు మైకు కడతాను. సర్పంచి పిలిచినా పిలవకపోయినా సరే. హాజరు బాయే పిలుస్తుంది, బిరడా మీద నా చెయ్యి ఉండదు, నువ్వే కూర్చో అక్కడ. ఈ కబురు గుడిసెల్లో అందరికీ చదివి వినిపించు. మొదటి ఉత్తరంలో సభ మొత్తం లేచి నిలబడిందని రాశానే, అది కల్పన అని కూడా చదువు. ఎవరూ లేవలేదు. మీరే లేచారు.

దగడూ