మన ఇంటి తుపాను

నాయనా,

ఈరోజు నీ సంవత్సరీకం. నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. ఇది చెప్పుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు.

పులికాట్ దగ్గర తుపాను తీరం దాటుతుందని పొద్దున రేడియోలో చెప్పారు. సత్యవేడుకు బస్సులు ఆగిపోయాయి. మద్రాసులో కాపురమున్న అక్క ఇక రాదులే అనుకుని లోలోపల సంతోషించాను. మధ్యాహ్నానికి పాలవ్యాను ఎక్కి, తడిసి ముద్దయి వచ్చి దిగింది.

"తుపాను యాడ ఆగుతుందబ్బా, ఈడికే వచ్చేసినాది!" అని వీధంతా నవ్వింది.

నువ్వు పెట్టిన పేరే కదా. చిన్నప్పుడు అక్క ఇల్లు పీకి పందిరి వేస్తుంటే ముచ్చటపడి తుపాను అనేవాడివి. మందు వేసుకోమని నేను రెండుసార్లు చెబితే మాత్రం "ముసురు పట్టినట్టు పట్టుకుంటావే" అని విసుక్కునేవాడివి.

అక్క నీ పటం ముందు కూలబడి బావురుమంది. చుట్టాలంతా తన చుట్టూ చేరారు. నేను పొయ్యి దగ్గర వడలు కాలుస్తూ ఉండిపోయాను.

మంచాన పడ్డాక నీకు గంజి తాపింది నేను. బయట ఎండ కాస్తున్నా "తుపాను వచ్చిండాదా?" అని నన్నే అడిగేవాడివి. నువ్వు అడిగేది వాన గురించి కాదని నాకు తెలుసు.

సాయంత్రం అక్క వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నాయన ఆఖర్లో నన్ను తలుసుకున్నాడా మే?"

లేదనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"దినామూ అడిగినాడు" అన్నాను.

అప్పుడు అక్క ముఖం ఎలా వెలిగిందో నీకు చెప్పను నాయనా. నువ్వు తనని చూసి మురిసింది చాలు.