గడువుకు ముందే తీసిన డిపాజిట్టు

14-11-2006, మంగళవారం, పుంగనూరు. తెల్లవారినప్పటి నుంచి తుంపర. నీళ్ల తొట్టి కడిగి నింపినాను. వంటింటి మీద పగిలిన పెంకు ఒకటి మార్చినాను.

అంజినప్ప కొడుకు గంగులప్ప అనే నేను, వయసు అరవై ఎనిమిది, ఈ వీలునామా నా చేత్తో నేనే రాస్తున్నాను. బడికి పోయింది మూడో తరగతి వరకే. మిగతా చదువు మదనపల్లె టమోటా మండీలో తూకం చీటీల మీద నేర్చుకున్నది. అక్కడ ఇరవై తొమ్మిదేండ్లు గుమాస్తాగా ఉన్నాను. నా బుద్ధి స్థిమితంగా ఉంది. నిన్నటి జమాఖర్చు సాయంత్రం కూడినాను, పొద్దున మళ్లీ కూడినాను, రెండుసార్లూ ఒకటే వచ్చింది. నన్ను ఎవరూ అడగలేదు, బలవంతపెట్టలేదు.

ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. మొన్న ఆదివారం కుప్పం నుంచి నా కూతురు యమున ఫోన్ చేసింది. మెడ దగ్గర గడ్డ ఉందంట. ఈ నెల దాటకుండా తీయించి పరీక్షకు పంపాలని అక్కడి డాక్టరు చెప్పినాడంట. ఇరవై అయిదు వేలు అవుతుంది. "మార్చిలో మా చీటీ వస్తాది నాయనా, అప్పుడు సూసుకుంటాలే. ఇప్పుడు నష్టానికి యాల పాడేది?" అంది. నేను సరే అని పెట్టేసినాను. దీనివల్ల నా ఆస్తిలో ఒక మార్పు జరిగింది. అది నా కొడుకు మధుసూదన్‌కు తర్వాత తెలిసి, అన్నాచెల్లెళ్ల మధ్య మాట రాకూడదు.

1. పుంగనూరులోని రెండు గదుల ఇల్లు, వెనక ఖాళీ జాగాతో సహా, మధుసూదన్‌కు చెందుతుంది. పన్ను రసీదులు 1979 నుంచి రేకు పెట్టెలో ఏడాది వారీగా కట్టి ఉన్నాయి. ఇంటి మీద ఒక్క పైసా అప్పు లేదు. మధుసూదన్ టీవీ వాయిదాల మీద తెచ్చినప్పుడు నేను నెల రోజులు ఆ గదిలోకి పోలేదు. అది పెద్ద విషయం కాదని ఇప్పుడు అనిపిస్తుంది. టీవీ బాగానే పని చేస్తోంది.

2. పోస్టాఫీసులో పది వేల కిసాన్ వికాస్ పత్రాలు రెండు ఉన్నాయి. ఒకటి మధుసూదన్ కూతురు ప్రీతికి, ఒకటి యమున కొడుకు లోహిత్‌కు. రెండింటికీ నామినీ పేర్లు రాయించినాను. నా భార్య రంగనాయకమ్మ పోస్టాఫీసు పుస్తకంలో నామినీ గడి ఖాళీగా ఉండింది. అందులోని పదకొండు వందల నలభై రూపాయలు తీసుకోవడానికి ఏడు నెలలు తిరిగినాను. ఎవరు ఏ ఖాతా తెరిచినా ఆ గడి నింపిన తర్వాతే బయటికి రావాల.

3. గుమాస్తా జీతంతో ఇల్లెట్ల కట్టినావని మధుసూదన్ చాలాసార్లు అడిగినాడు. నేను చెప్పలేదు. చెప్పేంత గొప్పది ఏమీ లేదు. జీతం వచ్చిన రోజే పదో వంతు తీసి పోస్టాఫీసులో కట్టేవాణ్ణి, మిగిలినదే జీతం అనుకునేవాణ్ణి. బ్యాంకుకు రోజువారీ పొదుపు వసూలు చేసే మునిరత్నం రోజూ సాయంత్రం వచ్చి పది రూపాయలు తీసుకొని పిగ్మీ పుస్తకంలో రాసి పోయేవాడు. రాగులు కోతలప్పుడు ఏడాదికి సరిపడా ఒకేసారి కొనేవాళ్లం. మండీ నుంచి ఖాళీ గంపల లారీలో ఇంటికి వచ్చేవాణ్ణి, బస్సు చార్జీ మిగిలేది. అంగట్లో అప్పు పెట్టలేదు. ఇవి మంచి అలవాట్లే. వద్దని చెప్పను.

4. నా చిన్నాన్న కొడుకు రెడ్డెప్ప నాకు మూడు వేలు ఇవ్వాల. వాడు నూటికి ఇరవై నాలుగు వడ్డీ ఇస్తామన్న ఒక ఫైనాన్సులో డబ్బు పెట్టి, మండీలో అందరి ముందూ నన్ను "పోస్టాఫీసులో పెట్టినోడు పోస్టుకార్డంతే పెరుగుతాడప్పా" అని నవ్వినాడు. ఆ ఫైనాన్సు మూతపడినాక నా దగ్గరికే వచ్చి ఆరు వేలు తీసుకున్నాడు. సగం తీర్చినాడు. మిగతాది నా పిల్లలు అడగకూడదు. మాఫీ చేసినామని చెప్పను కూడా చెప్పకూడదు. వాడికి గుర్తుండనీ.

5. చీటీ గురించి. 1996లో మదనపల్లెలో ఇరవై అయిదు మందిమి, నెలకు వెయ్యి చొప్పున, ఇరవై అయిదు నెలల చీటీ వేసినాము. డబ్బు అవసరమైనవాడు కొంత వదులుకొని ముందే పాడుకుంటాడు. చివరిదాకా ఆగినవాడికి మొత్తం వస్తుంది. నేను ఎప్పుడూ చివరివాణ్ణే. ఇరవై రెండో నెలలో రంగనాయకమ్మకు కడుపునొప్పి ఎక్కువైంది. వేలూరులో ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఆ నెల పాడుకొని ఉంటే పద్దెనిమిది వందలు పోయేది. "మూడు నెల్లే కదప్పా, ఓర్చుకుంటా. పద్దెనిమిది నూర్లు యాడికి పోను?" అని ఆమే అంది. ఆమె అన్నదని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అడగవలసింది ఆమెను కాదు. పుస్తకం నా చేతిలో ఉండింది.

ఫిబ్రవరిలో ఇరవై అయిదు వేలు పూర్తిగా వచ్చినాయి. వేలూరులో కడుపు తెరిచి చూసి మళ్లీ కుట్టేసినారు. తొమ్మిది వేల నాలుగు వందలు ఖర్చు. 1998 ఏప్రిల్ పన్నెండున ఆమె పోయింది. దినం అయినాక యమున నా పక్కన నిలబడి "నీ చీటీ పూర్తిగా వచ్చింది కదా నాయనా" అంది. అంతే అంది. ఆ మరుసటి రోజు నేను బ్యాంకుకు పోయి, మిగిలిన పదిహేను వేల ఆరు వందలు డిపాజిట్టు చేసినాను. ఇంట్లో ఉంచితే వడ్డీ పోతుందని.

6. రంగనాయకమ్మ పోయిన నెలకు రాగుల కుండ అడుగున గుడ్డ మూట దొరికింది. అన్నీ పది రూపాయల నోట్లు, రెండు వేల అరవై. అది యమునకు. అలాగే ఉంచినాను. నేను వడ్డీ రాని చోట పెట్టిన డబ్బు అదొక్కటే. యమున దాన్ని ఎక్కడా కట్టకూడదు. ఖర్చు పెట్టాల.

7. నా లెక్కల పుస్తకాలు ముప్పై నాలుగు. యమున అడిగితే 1997, 1998 పుస్తకాలు ఆమెకు ఇవ్వాల. మిగతావి కాగితాలవాడికి వేయొచ్చు.

8. అయిదో పద్దులో చెప్పిన డిపాజిట్టు పంపకంలోకి రాదు. దాని గడువు వచ్చే ఏప్రిల్. నిన్న సోమవారం బ్యాంకుకు పోయి తీసేసినాను. ఇప్పుడే తీస్తే ఎనిమిది వందల ఏడు రూపాయలు పోతుందని అక్కడి అమ్మాయి కాగితం మీద రాసి చూపించింది. నేను చదువుకున్నాను. "అంత అవసరమా తాతా?" అని అడిగింది. ఔనన్నాను. ముప్పై ఒక్క వేల మూడు వందలు వచ్చినాయి.

ఈ డబ్బు యమున చేతికి ఇవ్వను. ఇస్తే దాచిపెడుతుంది. నేను నేర్పిందే. రేపు కుప్పం పోయి ఆస్పత్రిలో నేనే కట్టి, రసీదు ఆమెకు ఇస్తాను. ఆపరేషన్ అయ్యేదాకా ఆడనే ఉంటాను. డబ్బు నా పెట్టెలో నీలం సంచిలో ఉంది. రేపు ఎనిమిదిన్నర బస్సు ఎక్కే లోపల నాకు ఏమైనా అయితే, మధుసూదన్ ఆ సంచి తీసుకొని అదే బస్సుకు పోవాల. నా దినం దాకా ఆగకూడదు. ఇంటి ముందు నన్ను పడుకోబెట్టి ఉన్నా పోవాల. నా పనులు వచ్చినాక చేసుకోవచ్చు.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. కొట్టివేతలు లేవు. పైన రాసినవన్నీ నడిపించే బాధ్యత మధుసూదన్‌ది.

తేదీ 14-11-2006, పుంగనూరు.

(సంతకం) అ. గంగులప్ప

మా ఎదుట గంగులప్ప సంతకం చేసినాడు, ఆయన ఎదుట మేమూ చేసినాము:

1. మునిరత్నం, పిగ్మీ ఏజెంటు
2. సావిత్రమ్మ, పక్కింటి కాపురస్థురాలు (వేలిముద్ర)