తారుమారైన రెండు రాళ్లు

పరిశోధనశాల అధిపతిగారికి నమస్కరించి వ్రాయునది.

శిఖరం మీది గ్రానైటు, పురాతనమైన మట్టిరాళ్లు కొండల అడుగున కరగడం వల్ల పుట్టిందని నా తమ్ముడు వాదించాడు. రాయి దేనినుంచి పుట్టిందో తెలిపే స్ట్రాన్షియం ఐసోటోపుల కొలతను బట్టి అది తప్పని మీరు ప్రకటించబోతున్నారట. దయచేసి ఆపండి. మీ కొలతలో దోషం లేదు. మీరు కొలిచింది శిఖరపు రాయి కాదు.

నిరుడు వాడి గదికి సున్నం వేయించినప్పుడు రాళ్ల సంచుల చీటీలు తడిశాయి. ముప్పై నాలుగేళ్లు పిల్లల దస్తూరి దిద్దినవాణ్ని కనుక అన్నీ తిరగరాసి కట్టాను. రెండు సంచుల దగ్గర, ఏది శిఖరపు రాయో ఏది లోయ రాయో సందేహం కలిగింది. అడగడం నామోషీ అనిపించి తోచినట్లు కట్టేశాను. శిఖరపు రాయిలో తెల్ల అభ్రకం మెరుస్తుందని వాడి నోటుపుస్తకంలో నిన్ననే చదివాను. అలా మెరిసే రాయి లోయ చీటీ ఉన్న సంచిలో ఉంది.

మీ ఫలితం అందిన రోజున వాడు నన్ను అడిగాడు. "అన్నయ్యా, చీటీలు అటూ ఇటూ అయ్యాయేమో? ఏమీ అననులే, చెప్పు."

"నా పనికి వంకలు పెట్టేంతవాడివయ్యావట్రా?" అన్నాను.

వాడు నవ్వాడు. "సరేలే మాస్టారూ, మళ్లీ ఎక్కి తెచ్చుకుంటా."

మంచు కురిసే రోజుల్లో ఎక్కాడు. తొమ్మిదో నాడు కిందికి మోసుకొచ్చారు.

వాడి భుజం సంచిలో దొరికిన రాయిని దీనితో పంపుతున్నాను. దాన్ని కొలిచి, పొరపాటు నాదేనని అచ్చు వేయించండి. ఫలితాన్ని వాడి కూతురికి వ్రాయండి. తండ్రి మళ్లీ ఎందుకు ఎక్కాడో ఆ పిల్లకు నేనింకా చెప్పలేదు.

ఇట్లు,
వాడి అన్న